పుట్టగొడుగు రాయి మెడ కోసిందెవరు?

(ఒకరు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మాస్టారు. ఇంకొకరు ఆయన దగ్గర చదువుకుని, ఇప్పుడు జియాలజీ చెబుతున్న శిష్యురాలు. ఇద్దరి మధ్యా ఫోన్‌లో ఒక ఫొటో: ఈజిప్టులో ఫరాఫ్రా దగ్గరి తెల్ల ఎడారి, సన్నటి మెడ మీద పెద్ద తలతో నిలబడిన సుద్దరాయి.)

మాస్టారు: ఇందులో వాదించడానికేముందమ్మా? 30 ఏళ్లు బోర్డు మీద ఇదే బొమ్మ గీశాను. గాలి ఇసుకను విసిరి కొడుతుంది. ఇసుకరేణువు బరువు కాబట్టి గెంతుకుంటూ పోతుందే తప్ప పైకి ఎగరలేదు, చాలావరకు మీటరు లోపే. దెబ్బంతా రాయి అడుగున పడుతుంది, తల మిగిలిపోతుంది.

శిష్యురాలు: గెంతుడు నిజమే మాస్టారూ. బాగ్నాల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఆ ఎడారుల్లోనే తిరిగి, 1941లో దాని మీద పుస్తకం రాశాడు. కానీ అక్కడ గాలి ఎక్కువగా ఉత్తరం వైపు నుంచే కదా. మరి మెడ నాలుగు వైపులా ఎందుకు అరిగింది?

మాస్టారు: రాయికి తగిలి సుడి తిరగదూ?

శిష్యురాలు: తిరుగుతుంది, వెనక్కి చేరేసరికి ఆ జోరుండదు. మీ పాత ఇంటి వంటగది గోడ గుర్తుందా? చెమ్మెక్కి, మోకాలెత్తు దాకా సున్నం పెచ్చులూడేది. వేలితో గీకితే తెల్లటి ఉప్పుపొడి రాలేది. వంటింట్లో ఏ ఇసుకగాలి వీచింది? చెమ్మతో పైకొచ్చిన ఉప్పు, ఆరాక సందుల్లో గడ్డకట్టి రేణువులను విడదీస్తుంది. ఎడారిలో తెల్లవారుజాము మంచు, నేలలోని కాస్త తేమ చాలు. అలా గుల్లబారిన దాన్ని గాలి ఊడ్చుకుపోతుంది.

మాస్టారు: నా గాలిని చీపురు చేసేశావు! సరే, ఇరాన్‌లో లూత్ ఎడారికి రా. 2016లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. జూన్ నుంచి అక్టోబరు దాకా హోరుగాలి. కిలోమీటర్ల పొడవున రాతిగట్లు, అన్నీ గాలి వాలుకే, దువ్వెనతో దువ్వినట్టు. ఉప్పుకు దిక్కులు తెలుసా?

శిష్యురాలు: (కాసేపు ఆగి) తెలియవు. ఆ గట్ల దగ్గర, అదే మేం యార్డాంగులనేవాటి దగ్గర, ఓడిపోయాను. అయినా ఎప్పుడో పడే వాన ముందు వాగులు కోసి, గాలికి దారి చూపిస్తుందేమో...

మాస్టారు: ఓడిపోయాక మళ్లీ ‘అయినా’ ఏమిటమ్మా!

శిష్యురాలు: మీ దగ్గర అబ్బిన అలవాటే. పుట్టగొడుగు రాయిని మాత్రం వదలను.

మాస్టారు: తల గట్టిరాయి, మెడ మెత్తటిరాయి అయితే? ఇద్దరం ఆ మాటే ఎత్తలేదు.

శిష్యురాలు: అవును కదూ! ఫొటో పెద్దది చేయండి, మెడ దగ్గర పొర మారిందేమో చూద్దాం.

మాస్టారు: ఆ కళ్లజోడు ఇలా ఇవ్వు.