బండికి వయసొచ్చింది, బిల్లుకు రాలేదు

బెజవాడలో డబ్బు సంపాదించడం ఎలాగో చెప్పేవాళ్లు ప్రతి టీ కొట్టు దగ్గరా దొరుకుతారు. గౌరవంగా పోగొట్టుకోవడం ఎలాగో చెప్పే పెద్దమనిషి ఒక్కడూ లేడు. నిజానికి ఆ విద్యలో ఈ ఊరి అనుభవం తక్కువది కాదు. గాంధీనగర్‌లో సినిమా కొని పోగొట్టుకున్నవాళ్లున్నారు. సంక్రాంతికి బరిలో కోడిని నమ్ముకుని పోగొట్టుకున్నవాళ్లున్నారు. చీటీల్లో, పార్టీ టికెట్ ఆశలో, ఇదిగో రోడ్డు వచ్చేస్తోందన్న స్థలాల్లో పోగొట్టుకున్నవాళ్లు వీధికి ఇద్దరున్నారు. అన్నిట్లోనూ ఒకటే లోపం. ఎవరూ రసీదు ఇవ్వరు. ఎంత పోయిందో పోగొట్టుకున్నవాడికే సరిగ్గా తెలియదు, ఇంట్లో అడిగిన ప్రతిసారీ కొత్త లెక్క చెప్పాల్సి వస్తుంది.

ఈ లోపం లేని మార్గం ఒకటుంది. ఫెరారీ, లంబోర్గినీ లాంటి సూపర్ కారును, అదీ పదిహేను, ఇరవయ్యేళ్ల నాటిదాన్ని, కొనడం. ఇందులో పోయే ప్రతి రూపాయికీ జీఎస్టీ నంబరు వేసి మరీ బిల్లిస్తారు. భూమి ధర పెరిగి ఏం చేయాలో తోచక టెన్షన్ పడుతున్న కృష్ణా, గుంటూరు జిల్లాల రైతు బిడ్డలు ఈ విషయాన్ని శ్రద్ధగా పరిశీలించాలని మనవి.

మా బావమరిది ఇప్పటికే పరిశీలిస్తున్నాడు. అతని లెక్క చాలా తేలిక. కొత్తలో కోట్లు పలికిన కారు ఇప్పుడు మొగల్రాజపురంలో ఫ్లాట్ ధరకు వస్తుందని బ్రోకరు చెప్పాడట. "తగ్గిందంతా లాభమే కదా బావా?" అన్నాడు. లెక్కలో తప్పు లేదు. కాకపోతే తగ్గింది కారు ధర. ఆ కారులోని క్లచ్‌కు, బ్రేక్ డిస్కులకు, హెడ్‌లైట్‌కు తాము పాత కారులో ఉన్నామన్న సంగతి ఎవరూ చెప్పలేదు. అవి పుట్టినప్పుడు ఏ అంతస్తులో పుట్టాయో ఇప్పటికీ ఆ అంతస్తులోనే ఉంటాయి. బండికి వయసొస్తుంది, బిల్లుకు రాదు.

అయితే మన దేశంలో ఈ అదృష్టం అందరికీ అందుబాటులో లేదు. విదేశంలో వాడిన కారు తెప్పించుకోవాలంటే అది మూడేళ్లకు మించి పాతది కాకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి, ముంబై ఓడరేవులోనే దిగాలి. పైగా సుంకం కారు విలువను మించిపోతుంది. అంటే 1994 నుంచి 1999 దాకా తయారైన ఫెరారీ ఎఫ్355 లాంటిది బందరు రోడ్డు మీదికి రావడం దాదాపు అసాధ్యం. పౌరుల ఆస్తిపాస్తుల మీద ప్రభుత్వానికి ఇంత శ్రద్ధ ఉన్న సందర్భాలు అరుదు కాబట్టి ఇక్కడ నమోదు చేస్తున్నాను.

రాకపోయినా ఎఫ్355 గురించి తెలుసుకోవాలి. ఏ రంగంలోనైనా ఒక ఆదర్శం ఉండాలి కదా. ఎనిమిది సిలిండర్లు, ఒక్కోదానికి అయిదు చొప్పున 40 వాల్వులు, అంటే గాలి లోపలికీ పొగ బయటికీ వెళ్లే తలుపులు. వాటిని కదిలించే టైమింగ్ బెల్ట్ రబ్బరుది. కారు తిరిగినా తిరగకపోయినా కొన్నేళ్లకోసారి మార్చాల్సిందే, లేకపోతే అది తెగిన రోజు పిస్టన్లూ వాల్వులూ ఒకదాన్నొకటి పరామర్శించుకుంటాయి. ఆ బెల్టేమో సీట్ల వెనక గోడకు ఆనుకుని ఉంటుంది. చెయ్యి దూరదు. అందుకని ఇంజన్, గేర్‌బాక్స్, వాటిని మోసే ఫ్రేము, అన్నీ కలిపి కిందికి దించుతారు. రబ్బరు పట్టీ మార్చడానికి సగం కారు బయటికి! దించాం కదా అని నీటి పంపు చూస్తారు, గొట్టాలు చూస్తారు, ఇంజన్ పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డులు పగిలాయని గుర్తిస్తారు. వాల్వులు కదిలే గొట్టాలు, అదే వాల్వ్ గైడ్లు, అరిగాయని కూడా చెబుతారు, ఈ మోడల్‌కు అది పేరు మోసిన జబ్బు. దించాం కదా అన్న ఆ ఒక్క మాట మీద విదేశాల్లో ఎన్ని గ్యారేజీలు మేడలు కట్టాయో.

దీని తర్వాత వచ్చిన 360 మోడెనాలో సీట్ల వెనక చిన్న తలుపు పెట్టారు. ఇంజన్ దించకుండానే బెల్ట్ మార్చవచ్చు. 2004లో వచ్చిన ఎఫ్430లో బెల్టే తీసేసి చెయిన్ పెట్టారు. నష్టపోవడంలో అభిరుచి ఉన్నవాళ్లు దీన్ని విలువల పతనం అంటారు. నేనూ వాళ్లతో ఏకీభవిస్తాను.

మన దగ్గర సాధ్యమైన దారికి వద్దాం. లంబోర్గినీ గలార్డో 2003 నుంచి 2013 దాకా తయారైంది. అధికారికంగా మన దేశంలోనూ అమ్మారు. పది సిలిండర్లు, మొదట అయిదు లీటర్ల ఇంజన్. ఎక్కువ కార్లలో ఉండేది ఈ-గేర్. పేరు వింటే ఆటోమేటిక్ అనిపిస్తుంది గానీ లోపల మామూలు క్లచ్చే, తొక్కే కాలు మాత్రం కంప్యూటర్‌ది. ఖాళీ హైవే మీద అది దేవుడిచ్చిన వరం. బెంజి సర్కిల్ నుంచి బస్టాండుకు సాయంత్రం ఆరింటికి బయల్దేరితే అంగుళం కదలాలి, ఆగాలి, మళ్లీ అంగుళం. కదిలిన ప్రతిసారీ క్లచ్ కొంచెం జారుతుంది, జారిన ప్రతిసారీ కొంచెం అరుగుతుంది. ఇక కొత్త బండికి అమ్మవారి దగ్గర పూజ తప్పదు కదా. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు మీద ముందు వ్యాను ఆగితే ఆగుతూ పైకి వెళ్లేసరికి కారులోంచి ఒక వాసన వస్తుంది. పూజారి దాన్ని ధూపం అనుకోవచ్చు. అది క్లచ్. మార్చాలంటే లక్షల మాట. నిమ్మకాయల ఖర్చు వేరే.

మైలేజీ గురించి అడిగి ఎవరూ పరువు తీసుకోవద్దు. ఊళ్లో లీటరుకు నాలుగో అయిదో కిలోమీటర్లు. రాష్ట్రంలో పెట్రోలు ధర వంద దాటి చాలా కాలమైంది కాబట్టి బందరు రోడ్డు మీద కిలోమీటరుకు ఇరవై రూపాయల పైమాటే. కానీ ఈ కారు ఖర్చుల్లో పెట్రోలు అంటే పెళ్లి ఖర్చుల్లో వక్కాకు. దాన్ని లెక్కలో చూపించినవాడు అసలు ఖర్చు దాస్తున్నాడని అర్థం. గమనించాల్సింది అందులో కలిపే ఇథనాల్‌ను. ఇప్పుడు బంకుల్లో ఇరవై శాతం కలిపినదే ఎక్కువ. ఆ కాలపు రబ్బరు గొట్టాలకు ఇది అలవాటు లేదు, గట్టిపడతాయి, పగుళ్లు పడతాయి. గొట్టం పక్కనే వందల డిగ్రీల వేడిలో ఎగ్జాస్ట్ ఉంటుంది. మే నెల ఎండ దీనికి అదనం. కాబట్టి డ్యాష్‌బోర్డులో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌కు చోటు చూసుకోండి, వినాయకుడి బొమ్మ పక్కనే.

రిపేరుకు ఎక్కడికి వెళ్లాలి? ఆటోనగర్ ఉండగా భయమెందుకు అంటాడు మా బావమరిది. ఆటోనగర్ మీద నాకూ అంతే గౌరవం. అక్కడ లారీని చాసిస్ నుంచి పుట్టిస్తారు. దొరకని పార్టు ఉంటే లేత్ మీద తిప్పి సాయంత్రానికి ఇచ్చేస్తారు. కానీ ఈ కారుకు జబ్బేమిటో చెప్పేది చెవి కాదు, కంపెనీ కంప్యూటర్. 1992 నుంచి 1998 వరకు మొత్తం 106 మాత్రమే తయారైన మెక్‌లారెన్ ఎఫ్1 అనే సూపర్ కారు సంగతి చూడండి. దాన్ని పరీక్షించడానికి తొంభైల నాటి కాంపాక్ ల్యాప్‌టాపే కావాలి. అందుకని ప్రపంచంలో అత్యంత ఖరీదైన కార్లలో ఒకటి బాగుపడాలంటే 2016 నాటికి కూడా కంపెనీవాళ్లు ఆ పాత ల్యాప్‌టాప్‌లను జాగ్రత్తగా దాచుకున్నారు. ఆటోనగర్ పాత సామాను కొట్లలో వెతికితే ఒకటి దొరక్కపోదు, వెంటనే కొని పెట్టుకోవడం మంచిది.

గలార్డోకు ఒక ఊరట ఉంది. లంబోర్గినీ 1998 నుంచి జర్మన్ కార్ల కంపెనీ ఆడి చేతిలో ఉంది కాబట్టి కొన్ని స్విచ్‌లు, సెన్సర్లు ఆడివే. అదే వస్తువు ఆడి డబ్బాలో వస్తే ఒక ధర, లంబోర్గినీవారి ఎద్దు బొమ్మ డబ్బాలో వస్తే ఇంకో ధర. ఇది తెలిసిన యజమాని ఆడిదే కొని మిగిలిన డబ్బుతో తృప్తి పడతాడు. ఆ తృప్తి వచ్చే వారం దాకా ఉంటుంది. మిగతావాటికి బండిని ఫ్లాట్‌బెడ్ లారీ ఎక్కించి ఆ కంపెనీ కంప్యూటర్ ఉన్న బెంగళూరు పంపాలి, సుమారు 650 కిలోమీటర్లు. ఇందులో ఒక సుఖం ఉంది. కారు దేశమంతా తిరిగినా మీటరు తిరగదు. అమ్మేటప్పుడు "తక్కువ తిరిగిన బండి" అని నిజాయితీగా రాసుకోవచ్చు.

ఇన్ని కష్టాలెందుకు, నడపకుండా షెడ్డులో పెడితే సరిపోతుంది కదా అని కొందరికి అనిపించవచ్చు. పాపం, అమాయకులు. నిలబెట్టిన సూపర్ కారుకు బ్యాటరీ దిగిపోతుంది, అందుకని రాత్రింబవళ్లు చార్జర్ తగిలించి ఉంచాలి. సీళ్లు ఎండిపోయి నూనె కారుతుంది. టైర్లు నిలబడ్డచోటే అణిగిపోతాయి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గాడి చెక్కుచెదరకపోయినా ఆరేడేళ్లకు రబ్బరు ముసలిదవుతుంది, మార్చాలి. ముందు టైర్లు ఒక కొలత, వెనకవి ఇంకా వెడల్పు. వాటిని అటూ ఇటూ మార్చి రోజులు నెట్టే మన పాత పద్ధతి ఇక్కడ చెల్లదు. ఈలోగా ఎలుకలు వైర్లు కొరుకుతాయి. ఇటలీ వైరు, బెజవాడ వైరు అని వాటికి తేడా లేదు.

రోడ్డు మీదికి తెచ్చామంటే స్పీడ్ బ్రేకర్లు. రోడ్ల కొలతలు నిర్దేశించే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ తన పుస్తకంలో చెప్పిన ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. మన కాలనీల్లో కమిటీవాళ్లు రాత్రికి రాత్రి పోయించే సిమెంటు దిబ్బలకు ఈ పుస్తకం చదివి వినిపించినవాళ్లు లేరు. కారు అడుగు నేలకు ఉండే ఎత్తూ ఇంచుమించు అంతే. కాబట్టి యజమాని ఐమూలగా ఎక్కిస్తాడు, వెనక ఆటోలు హారన్ కొడతాయి, పక్కనున్నవాడు ఫోన్లో వీడియో తీస్తాడు, కింద కార్బన్ ఫైబరు గీసుకుంటుంది. సీట్లు రెండే అన్న సంగతి కూడా మరవొద్దు. పెళ్లికి వెళ్తే అత్తగారు, పిల్లలు, సామాను వెనక ఇన్నోవాలో రావాలి. ఆ ఇన్నోవా ఖర్చును ఈ పద్దులోనే రాసుకోవడం ధర్మం.

ప్రభుత్వం కూడా తన వంతు చేసింది. పదిహేనేళ్లు దాటాక రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు మామూలు కారుకు 5,000 రూపాయలైతే, విదేశం నుంచి వచ్చినదానికి 2022 ఏప్రిల్ నుంచి 40,000. ఇరవయ్యేళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి 80,000. కారు విలువ తగ్గే కొద్దీ ఫీజు పెరగాలన్న ఈ సూత్రంలో లోతైన ఆర్థిక శాస్త్రం ఉంది. ఇన్సూరెన్స్ మాత్రం ఇంకా ఈ స్థాయికి ఎదగలేదు. 1500 సీసీ దాటిన ఏ సొంత కారుకైనా థర్డ్ పార్టీ ప్రీమియం 7,897 రూపాయలే, వెనక వచ్చే ఆ ఇన్నోవాకూ అంతే. సూపర్ కారు యజమాని ఇన్నోవాతో సమానంగా చూడబడే చోటు ప్రపంచంలో ఇదొక్కటే.

ఇన్నీ విన్నాక కూడా మా బావమరిది వెనక్కి తగ్గలేదు. అతనిదీ ఒక వాదన ఉంది, దాంతో నేను విభేదించలేను. స్థలం అమ్మిన డబ్బు బ్యాంకులో ఉందని తెలిస్తే చుట్టాలు అప్పు అడుగుతారు, పార్టీవాళ్లు ఫండు అడుగుతారు, గుడి కమిటీ గోపురం అడుగుతుంది. డబ్బు కారులో ఉందంటే ఎవరూ అడగరు. పైగా "పాపం, బెల్టు మార్చాలటగా" అని ఓదారుస్తారు.

చివరికి అమ్మకం గురించి ఒక మాట. కొనేవాడు ఈ ఊరివాడు కాకుండా చూసుకోవాలి, రోజూ ఎదురుపడితే ఇబ్బంది. గుంటూరువాళ్లు మంచి బేరం. మనవాడు కొన్న బండి తామూ కొనకపోతే నిద్ర పట్టని పౌరుషం వాళ్లది. పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూపించాలి. కాగితాల మీద సంతకాలు అయ్యాక వారధి దాటే దాకా వెనకే వెళ్లి సాగనంపడం మర్యాద. కాజా టోల్ గేటు దాటాక ఫోన్ వస్తే మాత్రం ఎత్తక్కర్లేదు.