వెయ్యి మంది లేకపోతే డేటా కాదట!

‘చిన్న సంస్థలకు డేటా గురించి ఐదు చేదు నిజాలు’ అనే మెసేజ్ ఒక గ్రూపులోంచి ఇంకో గ్రూపులోకి తిరుగుతూనే ఉంది. నాకు పంపేవాళ్లలో ఎన్జీవోల్లో పనిచేసే స్నేహితులే ఎక్కువ. ‘మేం మొదట్నుంచీ చెబుతున్నది ఇదే’ అని కింద ఒక వాక్యం కూడా తగిలిస్తున్నారు. చదివి ఊరుకుందామనుకున్నాను. కానీ ఈ మెసేజ్ చూపించి ఒక టీమ్ నెలనెలా చేసుకునే చిన్న సర్వేను ఆపించేశారని తెలిశాక ఊరుకోవడం నావల్ల కాలేదు.

మెసేజ్ చెప్పేది ఇది. ఒకటి, వెయ్యి మందికి తక్కువైతే అది డేటానే కాదు. రెండు, సాఫ్ట్‌వేర్, అనలిస్టు లేకుండా మొదలుపెట్టడం దండగ. మూడు, ఎలాగూ జనం దగ్గరికి వెళ్తున్నారు కాబట్టి అన్ని వివరాలూ అడిగి పెట్టుకోండి, ఎప్పటికైనా పనికొస్తాయి. నాలుగు, దాతలు చూసేది పెద్ద అంకెలనే. ఐదు, ఫీల్డ్ స్టాఫ్ రాసుకొచ్చే లెక్కల్ని నమ్మలేం.

రెండోదాని మీద ఎక్కువసేపు ఆగను. నలభై మంది వివరాలకు ఒక ఎక్సెల్ షీటు చాలు. అదీ లేకపోతే గీతలు కొట్టిన నోటు పుస్తకం చాలు. నాలుగోది కూడా అంతే. దాత ఎంతమందికి సేవ అందిందని అడిగితే ఆ అంకె ఇవ్వండి, ఎవరొద్దన్నారు? మీ పని ఎక్కడ తప్పుతోందో తెలుసుకోవడానికి దాత అనుమతి అక్కర్లేదు.

ఇక ఆ వెయ్యి. ఆ అంకె ఎక్కడిదో మెసేజ్‌లో ఎక్కడా లేదు. గుండ్రంగా ఉంది కాబట్టి రాసినట్టుంది. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక ఎవరికి ఓటేస్తారని అడుగుతూ కోటి మందికి బ్యాలెట్ కార్డులు పంపింది. తిరిగొచ్చిన 20 లక్షలకు పైగా జవాబులు లెక్కపెట్టి రూజ్‌వెల్ట్ మీద పోటీ చేస్తున్న ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. చివరికి 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌కే దక్కాయి. పత్రిక చిరునామాలు తీసుకున్నది చాలావరకు టెలిఫోన్ జాబితాల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ లేనివాళ్లు ఆ లెక్కలోకి ఎలా వస్తారు? పైగా కార్డు అందినవాళ్లలో కూడా తిరిగి పంపాలన్న పట్టుదల ఉన్నవాళ్లే పంపారు. అంతకంటే ఎంతో చిన్న శాంపిల్‌తో, అంటే అందరి తరఫున ఎంచుకుని అడిగిన కొద్దిమందితో, సర్వేలు చేసే జార్జ్ గాలప్ ఫలితాన్ని సరిగ్గా చెప్పాడు. ఎంతమందిని అడిగామన్నది తర్వాత, ఎవరిని అడగకుండా వదిలేశామన్నది ముందు చూడాలి.

చిన్న శాంపిళ్లకు గణితం లేదనుకునేవాళ్లు 1908కి వెళ్లి చూడండి. గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసే విలియం గాసెట్‌కి ప్రయోగాల్లో చేతికందేవి కొద్దిపాటి ఫలితాలే. వాటితోనే నిర్ణయం తీసుకోవాలి. ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ఆయన అచ్చువేసిన పేపరు నుంచే టీ-టెస్ట్ వచ్చింది. కొద్దిపాటి ఫలితాల్లో కనిపించే తేడా నిజమైనదా, కాకతాళీయమా అని చూసే పరీక్ష అది.

సేవారంగంలోకే వద్దాం. టీకాలు, తల్లీబిడ్డల ఆరోగ్యం వంటి కార్యక్రమాల్లో లాట్ క్వాలిటీ అష్యూరెన్స్ శాంప్లింగ్ అనే పద్ధతి దశాబ్దాలుగా నడుస్తోంది. ఒక్కో సూపర్‌వైజర్ పరిధిలో లాటరీ తీసినట్టు 19 మందిని ఎంచుకుంటారు. లక్ష్యం 80 శాతం అయితే, లాటరీలో వచ్చే హెచ్చుతగ్గులకు కొంత సడలింపు ఇచ్చి, ఆ 19 మందిలో కనీసం 13 మందికి సేవ అంది ఉంటే ఆ ప్రాంతాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టొచ్చు. 12 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ముందు అక్కడికే వెళ్లాలి. ఈ 19 మందితో ‘మా దగ్గర కచ్చితంగా 71 శాతం’ అని చెప్పలేం. చెప్పాల్సిన అవసరమూ లేదు. ఉన్న నలుగురు సిబ్బందిని ఈ నెల ఎటు పంపాలో తేలితే చాలు.

19 మంది కూడా లేరా? సాయంత్రం చదువు చెప్పే కేంద్రం ఒకటి అనుకోండి. 34 మంది పిల్లలు, రెండు నెలల్లో 9 మంది మానేశారు. హాజరు పట్టీలో ఆ తొమ్మిది వరసలే చూడండి. కొందరి వరసలో టిక్కులు ఒక్కసారిగా ఆగిపోయి ఉంటాయి. ఇంకొందరివి ముందు రెండు వారాలు తడబడతాయి: ఒక టిక్కు, రెండు ఖాళీలు, మళ్లీ ఒక టిక్కు, ఆ తర్వాత అన్నీ ఖాళీలే. ఈ రెండో రకం పిల్లలు రావాలని ప్రయత్నించి రాలేకపోయారు. ఆ ఇళ్లకు వెళ్లి ‘ఆఖరిసారి వచ్చిన రోజు ఇంటికెలా వెళ్లావు, ఏమైంది?’ అని అడిగితే, ఆరుగురిలో ఐదుగురు చీకటి పడ్డాక ఒంటరిగా నడవాల్సి వస్తోందని చెప్పారనుకోండి. క్లాసు అరగంట ముందే మొదలుపెట్టి ముగించడానికి ఇంకా ఎవరి జవాబు కోసం ఎదురుచూడాలి? వెయ్యో పిల్లాడు మానేసేదాకానా? అలా చేసి చూడండి. వచ్చే నెల పట్టీ మళ్లీ తీయండి. టిక్కులు తిరిగి రాకపోతే కారణం ఇంకేదో ఉందన్నమాట.

ఇదే కేంద్రంలో ఇప్పుడు వస్తున్న 25 మందికి ‘క్లాసు నచ్చిందా?’ అని ఫారం ఇస్తే అందరూ నచ్చిందనే రాస్తారు. నచ్చనివాళ్లు అక్కడ లేరు.

చిన్న లెక్కకు దాని జాగ్రత్తలు దానికున్నాయి. 9 మందిలో 6 ఉంటే ‘9లో 6’ అనే రాయాలి, 67 శాతం అని కాదు. ఎనిమిది మంది ఉన్నచోట ఒక్కరు మానేస్తే 12.5 శాతం పడిపోయినట్టు కనిపిస్తుంది, దాన్ని చూసి టెన్షన్ పడి టీచర్‌ను మార్చేస్తారు. అలాగే 30 మందిని అడిగితే ఒక్కరూ సమస్య ఉందని చెప్పలేదనుకోండి, సమస్యే లేదని రాసేయకూడదు. ఇలా సున్నా వచ్చినప్పుడు 3ని అడిగినవాళ్ల సంఖ్యతో భాగించి చూడాలన్నది గణాంకాల్లో ఒక సులువు సూత్రం; 3ని 30తో భాగిస్తే వచ్చే 10 శాతం వరకు అది దాగి ఉండే అవకాశం ఉంది. శాంపిల్ ఎలా ఎంచుకున్నామో కూడా ఆ అంకె పక్కనే రాయాలి.

ఇప్పుడు మూడో పాయింట్. ‘అన్నీ అడిగి పెట్టుకోండి’ అట! మిగతా నాలుగూ పనిని ఆపితే ఆపుతాయేమో గానీ, ఇది మనుషులకు హాని చేస్తుంది.

సహాయం కోసం వచ్చిన ఒక మనిషి ఎదుట ఆ ఫారం ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆమెకు కావలసింది తలదాచుకోవడానికి చోటు. టేబుల్ అవతల ఉన్నవాళ్లు పేరు, వయసు అడిగారు, సరే. తర్వాత భర్త పేరు, భర్త ఎక్కడ పనిచేస్తాడు, నెలకెంత తెస్తాడు, పిల్లల బడి, గుర్తింపు కార్డు నంబరు, ఇంతకుముందు ఏమైనా జబ్బులున్నాయా. ఒక్కో ప్రశ్నకూ గొంతు తగ్గిపోతుంది. అయినా చెబుతుంది, చెప్పకపోతే చోటు ఇవ్వరేమోనని. కింద సంతకం కూడా పెడుతుంది. దాన్ని సమ్మతి అని ఫైల్లో పెట్టుకుంటున్నారు. అవసరంలో ఉన్నవాళ్లకు కాదనే వీలు ఎక్కడుంది? ఆ కాగితం తప్పు చేతిలో పడితే పిల్లల బడి పేరు ఒక్కటి చాలు, ఆమె ఎక్కడుందో కనిపెట్టడానికి.

మా దగ్గర భద్రంగానే ఉంటుంది అంటారా? 2022 జనవరిలో అంతర్జాతీయ రెడ్ క్రాస్ కమిటీ మీద సైబర్ దాడి జరిగింది. యుద్ధాల్లో, వలసల్లో కుటుంబాలకు దూరమైనవాళ్లు, తప్పిపోయినవాళ్లు, నిర్బంధంలో ఉన్నవాళ్లు, మొత్తం 5 లక్షల 15 వేల మందికి పైగా వివరాలు బయటివాళ్ల చేతికి చిక్కాయి. అంత పెద్ద సంస్థకే తప్పలేదు. మీ దగ్గర పాస్‌వర్డ్ లేని ల్యాప్‌టాప్, అందరికీ లింకు పంపిన షీటు, నిరుడు మానేసిన వాలంటీరు ఫోనులో ఇంకా తెరుచుకునే ఫోల్డరు ఉన్నాయి. ‘ఎప్పటికైనా పనికొస్తాయి’ అన్నవాళ్లు ఎవరికి పనికొస్తాయో చెప్పలేదు మరి.

పేర్లు తీసేస్తే సరిపోదా? సరిపోదు. అమెరికా జనాభాలో 87 శాతాన్ని పుట్టిన తేదీ, లింగం, జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) అనే మూడు వివరాలతోనే విడివిడిగా గుర్తించొచ్చని పరిశోధకురాలు లతాన్యా స్వీనీ 2000లో లెక్కగట్టి చూపించారు. చిన్న సంస్థలో అంత కచ్చితమైన వివరాలు కూడా అక్కర్లేదు. ‘ముగ్గురు పిల్లలున్న వితంతువు, వయసు 31’ అని రిపోర్టులో రాస్తే ఆమె ఎవరో చుట్టుపక్కల అందరికీ తెలిసిపోతుంది. చిన్న డేటా వాడేవాళ్లకు ఈ ప్రమాదం పెద్ద సంస్థలకంటే ఎక్కువే.

కాబట్టి చేయాల్సింది ‘అన్నీ అడిగి పెట్టుకోండి’ అన్నదానికి పూర్తిగా వ్యతిరేకం. ఫారంలోని ప్రతి ప్రశ్న పక్కనా ‘ఈ జవాబు వేరేలా వస్తే మేం ఏం మారుస్తాం?’ అని ఒక గడి పెట్టండి. గడి నిండని ప్రశ్నను కొట్టేయండి. మొహమాటపడొద్దు, దాత అడిగిన ప్రశ్నైనా సరే, ఎందుకని తిరిగి అడగండి. ఫోన్ నంబర్లు వేరే షీటులో, ఇద్దరి దగ్గరే. బయటికిచ్చే పట్టికలో ఐదుకు తక్కువ ఉన్న గడుల్లో అంకె వేయకండి. ప్రతి షీటు పైన చెరిపేసే తేదీ రాసి, ఆ రోజు నిజంగానే చెరిపేయండి.

ఐదో పాయింట్ దగ్గర మాత్రం ఆ మెసేజ్ రాసినవాళ్లతో నేను ఏకీభవిస్తున్నాను. ఫీల్డ్ స్టాఫ్ లెక్కలు చాలాచోట్ల నమ్మదగినవి కావు. నెలాఖరు రోజు ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నిండిన రిజిస్టర్లు ఎన్జీవోల్లో కొత్తేమీ కాదు. చిన్న లెక్కలో ఇలాంటి మూడు దొంగ టిక్కులు పడితే మొత్తం తలకిందులవుతుంది, పెద్ద లెక్కలో అవి మునిగిపోతాయి. నేను పైన చెప్పిన హాజరు పట్టీ ఉదాహరణ కూడా ఆ టిక్కులు నిజమైతేనే నిలుస్తుంది.

అయితే ఆ తప్పు స్టాఫ్‌ది అని వదిలేస్తే ఎలా? ‘హాజరు 90 శాతం లేకపోతే ఇంక్రిమెంట్ లేదు’ అన్నచోట 90 శాతమే వస్తుంది. జీతాన్ని ఆ అంకె నుంచి విడదీయండి. నెలకు ఐదు పేర్లు లాటరీ తీసి సూపర్‌వైజర్ స్వయంగా వెళ్లి కలిసి సరిచూడాలి. ఏ ఐదుగురో ముందుగా ఎవరికీ తెలియకూడదు. తేడా వస్తే ముందు ఫారం ఎక్కడ గందరగోళంగా ఉందో అడగాలి, సంజాయిషీ నోటీసు తర్వాత. లెక్క పూర్తయ్యాక అది హెడ్ ఆఫీసుకు వెళ్లేలోపే టిక్కులు పెట్టినవాళ్లకు చూపించాలి. ఫలానా పిల్లాడు ఎందుకు రావడం లేదో వాళ్లకే తెలుసు, ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.