పెట్టుబడి నెమ్మదిస్తే బెంబేలెందుకు?

మూడు నెలలకోసారి జాతీయాదాయం లెక్కలు వస్తాయి. పెట్టుబడుల వృద్ధి 10 శాతం నుంచి 6కి తగ్గిందంటే చాలు, గగ్గోలు మొదలవుతుంది. ప్రతిపక్షం దుమ్మెత్తిపోస్తుంది, సర్కారు కొత్త ప్రాజెక్టుల జాబితా చదువుతుంది. తగ్గిన ఆ అంకె జబ్బుకు గుర్తా, ఎదుగుదలకు గుర్తా అని మాత్రం ఎవరూ అడగరు.

పేద దేశం పుంజుకునే తొలినాళ్లలో పెట్టుబడి ఆదాయం కన్నా వేగంగా పెరగాలి. ఆదాయంలో 4, 5 శాతం మాత్రమే పొదుపు చేసే సమాజం 12, 15 శాతానికి ఎలా చేరుతుందన్నదే అభివృద్ధిలో కీలక ప్రశ్న అని ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్ 1954లోనే అన్నారు. కరెంటు లేని చోట పెట్టిన మొదటి విద్యుత్ కేంద్రం ఇచ్చే ఫలితం పదోది ఇవ్వదు.

అయితే ఈ పరుగు ఎంతకాలం? ఆదాయం ఏటా 7 శాతం, పెట్టుబడి 12 శాతం పెరుగుతున్నాయనుకుందాం. ఈరోజు ఆదాయంలో 25 శాతంగా ఉన్న పెట్టుబడి పదేళ్లకు 39 దాటుతుంది, పదిహేనేళ్లకు సగానికి చేరుతుంది. మిగతా సగంతోనే జనం తిండి, బట్ట, చదువు, వైద్యం, ప్రభుత్వ జీతాలు అన్నీ సర్దుకోవాలి. కుదిరే పని కాదు. ఎక్కడో ఒకచోట ఆ 12 దిగి 7 దగ్గరకు రావాల్సిందే.

తరుగుదల ఖర్చు దీనికి తోడు. దేశంలోని యంత్రాలు, రోడ్లు, భవనాల విలువ ఒక ఏడాది ఆదాయంతో సమానమై, ఏటా 5 శాతం అరిగిపోతుంటే, ఉన్నది నిలబెట్టుకోవడానికి ఆదాయంలో 5 శాతం చాలు. ఆ ఆస్తి మూడేళ్ల ఆదాయమంత అయ్యాక 15 శాతం కావాలి. (కొత్త వంతెనకు రిబ్బన్ కట్ చేయడానికి వచ్చే మంత్రులు పాత వంతెన మరమ్మతుకు రారు కాబట్టి ఈ ఖర్చు ఎవరి కంటా పడదు.)

దక్షిణ కొరియాలో జాతీయాదాయంలో పెట్టుబడి వాటా 1960ల మొదట్లో పది, పదిహేను శాతం మధ్య ఉండేది. 1990ల మొదటికి 40 దరిదాపులకు ఎగబాకింది. 1998లో ఆసియా ఆర్థిక సంక్షోభం దెబ్బకు ఒక్క ఏడాదిలో పెట్టుబడి 20 శాతానికి పైగా కుప్పకూలింది, ఆర్థిక వ్యవస్థ కుంగింది మాత్రం 5 శాతమే. ఆ తర్వాత వాటా 30 శాతం చుట్టూ స్థిరపడింది. దేశం పేదరికంలోకి జారలేదు సరికదా, ధనిక దేశాల సరసన నిలిచింది.

చైనా తగ్గడానికి ఒప్పుకోలేదు. 2008లో 4 లక్షల కోట్ల యువాన్ల ప్యాకేజీతో పెట్టుబడిని ఇంకా ఎగదోసింది. వృద్ధి 10 నుంచి 5 శాతం చుట్టుపక్కలకు దిగినా పెట్టుబడి వాటా ఇంకా 40 పైనే ఉంది. అంటే ఒక్కో శాతం వృద్ధికి అప్పటికన్నా రెట్టింపు ఖర్చు. 2022 నుంచి అక్కడ రియల్ ఎస్టేట్ పెట్టుబడి ఏటా పడిపోతూనే ఉంది.

అలాగని ప్రతి తగ్గుదలనూ ఎదుగుదల ఖాతాలో వేసి చేతులు దులుపుకోమని మేం చెప్పడం లేదు. 1982లో మెక్సికో అప్పులు కట్టలేనని చేతులెత్తేశాక లాటిన్ అమెరికాలో పెట్టుబడి ఏళ్ల తరబడి కోలుకోలేదు. అది ముమ్మాటికీ జబ్బే. తేడా తెలియాలంటే వేరే అంకెలు చూడాలి: ఉన్న కర్మాగారాలు ఎంత శాతం నడుస్తున్నాయి, బ్యాంకుల మొండి బాకీలు ఎంత, అదనపు ఉత్పత్తికి ఎంత పెట్టుబడి పడుతోంది. ఫ్యాక్టరీలు నిండుగా నడుస్తూ, బ్యాంకులు ఆరోగ్యంగా ఉండి, వృద్ధి నిలకడగా ఉంటే, పెట్టుబడి 10 నుంచి 6కి దిగినా టెన్షన్ అక్కర్లేదు. సగం యంత్రాలు ఖాళీగా ఉన్నప్పుడు అదే 6ను అప్పుచేసి 10కి లాగడమే ప్రమాదం. ఈ మూడు అంకెలను కూడా వృద్ధి రేటుతో పాటే, అదే రోజు, అదే పేజీలో ప్రభుత్వాలు ప్రకటించాలి.