ఎలుకకూ బాల్యం ఉంటుంది

చిత్తూరు జిల్లాలో వైద్యం కోసం ఒక్కసారైనా వేలూరు బస్సు ఎక్కని కుటుంబం తక్కువ. ఆ వేలూరు మురికివాడల్లోనే 373 మంది పిల్లలను పుట్టినప్పటి నుంచి మూడేళ్లపాటు వెన్నంటి గమనించారు. 2011లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆరు నెలలు నిండేలోపే 56 శాతం మందికి పసిపిల్లల్లో విరేచనాలు తెచ్చే రోటా వైరస్ సోకింది. అంతకు ముందు మెక్సికోలో జరిగిన ఇలాంటి అధ్యయనంలో, రెండుసార్లు సోకిన పిల్లలెవరికీ ఆపై తీవ్రమైన రోటా విరేచనాలు రాలేదు. వేలూరులో మాత్రం మూడుసార్లు సోకాక కూడా రక్షణ 79 శాతం దగ్గరే ఆగింది.

ఇలాంటి తేడాయే టీకాల విషయంలోనూ కనిపిస్తుంది. దాన్ని టీకా మీదో, తల్లి పెంపకం మీదో నెట్టడం మనకు అలవాటు. అసలు సంగతి బిడ్డ తొలి వారాల్లో ఉందని నా వాదన. అందుకు సాక్ష్యం ఎలుకలు చెబుతున్నాయి.

సూక్ష్మజీవులే లేని చోట పుట్టి పెరిగిన ఎలుకల రక్తంలో అలర్జీకి కారణమయ్యే ఐజీఈ యాంటీబాడీలు బాగా పెరుగుతాయి. రకరకాల పేగు బ్యాక్టీరియాను తొలి నాలుగు వారాల్లోపు అందిస్తే ఆ పెరుగుదల ఆగుతుందని, గడువు దాటాక ఇస్తే ఆగదని 2013లో తేలింది. అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయం (బర్మింగ్‌హామ్)లో జాన్ కియర్నీ బృందం ఇంకాస్త లోతుకు వెళ్లింది. పసిప్రాయంలో ఏ బ్యాక్టీరియా చక్కెర పదార్థాలు ఎదురయ్యాయన్న దాన్ని బట్టి, పెద్దయ్యాక ఎలుకలో యాంటీబాడీలు తయారుచేసే బి కణాల్లో ఏ సంతతి నిలుస్తుందో, వాటి యాంటీబాడీలు దేన్ని పట్టుకుంటాయో మారిపోతున్నాయి. అంటే ఎదిగిన ఎలుకకు సూది వేసే నాటికే సగం కథ నడిచిపోయి ఉంటుంది. గడువు సంగతి పలమనేరు పాడి రైతును అడిగినా చెబుతాడు. పుట్టిన కొద్ది గంటల్లో ముర్రుపాలు తాగని దూడకు మర్నాడు ఎన్ని పట్టినా వాటిలోని యాంటీబాడీలు రక్తంలోకి వెళ్లవు. (తెలిసీ ఆ పాలను జున్నుకు పంపేవాళ్లున్నారు, అది వేరే గొడవ.)

ఇలాంటప్పుడు టీకాలకు తొలి పరీక్ష పెట్టేది ఏ ఎలుకల మీద? వడకట్టిన గాలి, శుద్ధి చేసిన మేత, రోగమంటే ఎరుగని బతుకు. 2016లో మిన్నెసోటా శాస్త్రవేత్తలు ఇలాంటి వాటిని పెంపుడు జంతువుల దుకాణం నుంచి తెచ్చిన ఎలుకలతో ఒకే బోనులో ఉంచారు. కొన్ని చచ్చిపోయాయి. మిగిలినవాటి రోగనిరోధక వ్యవస్థ, అంతవరకూ నవజాత శిశువును పోలినది, ఎదిగిన మనిషి దానికి దగ్గరైంది. అదే ఏడాది మరో బృందం ఎలుకలకు హెర్పిస్ జాతి వైరస్‌లు, ఫ్లూ, పేగు పురుగు వరుసగా సోకించి, ఆ తర్వాత పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా వేసింది. శుభ్రమైన ఎలుకలతో పోలిస్తే వాటిలో యాంటీబాడీలు తక్కువగా వచ్చాయి.

శుభ్రమైన ఎలుక లేకపోతే ఒక ప్రయోగశాల ఫలితం మరో ప్రయోగశాలలో రాదని శాస్త్రవేత్తలు అంటారు. నిజమే. కానీ అన్నిచోట్లా ఒకేలా వచ్చే ఫలితం చిత్తూరు బిడ్డకు వర్తించకపోతే ఆ పొందిక ఎవరికి పనికొచ్చినట్టు?

మట్టిలో దొర్లితే పిల్లలు గట్టిపడతారని వాట్సాప్‌లో తిరిగే పాఠానికి ఈ పరిశోధనలు మద్దతు అనుకుంటే పొరపాటు. మంచి చేసిన బ్యాక్టీరియా వేరు, టీకాను దెబ్బతీసిన పురుగు వేరు. పోలియో చుక్కలు మన పిల్లల్లో ఆశించినంత పనిచేయడం లేదని, ఎక్కువ మోతాదులు కావాలని వేలూరులో డాక్టర్ టి. జాకబ్ జాన్ 1970లలోనే చూపారు. హైదరాబాద్‌లో తయారైన రోటా టీకా రోటావ్యాక్‌ది కూడా అదే దారి. వేలూరు ఒక కేంద్రంగా జరిగిన ప్రయోగాల్లో అది తీవ్రమైన రోటా విరేచనాలను సుమారు 55 శాతం అడ్డుకుంది. ఇదే తరహా టీకాలు సంపన్న దేశాల్లో 85 శాతానికి పైగా పనిచేస్తాయి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు, పోషణ లోపం, పేగులో ముందే తిష్ట వేసిన క్రిములు... అనుమానితుల జాబితా పెద్దదే. అందులో ప్రభుత్వం చేతిలో ఉన్నది చివరిది.

మా వైపు పట్టణాల్లో ఏ పాత వీధికి వెళ్లినా మురుగు కాలువ మీదుగా, ఒక్కోచోట కాలువలోంచే, ఇంటి కుళాయి పైపు పోతుంది. అతుకు దగ్గర సైకిల్ ట్యూబు ముక్క బిగించి ఉంటుంది. నీళ్లు వదిలినప్పుడు అక్కడ చిమ్ముతుంది, ఆపేశాక ఖాళీ అయిన పైపు అదే అతుకులోంచి కాలువ నీటిని లోపలికి లాక్కుంటుంది. ఆ నీళ్లతో కడిగిన ఉగ్గు గిన్నె గురించి ఏ టీకా నివేదికా రాయదు. ఎందుకంటే టీకాల లెక్క ఒక శాఖది, పైపుల లెక్క మరో శాఖది. ఇద్దరూ ఒకే బిడ్డ పేగుతో వ్యవహరిస్తున్నామని ఏ సమీక్షా సమావేశంలోనూ అనుకోరు.

పశువైద్య విశ్వవిద్యాలయం, సైన్స్ పరిశోధన సంస్థ ఐసర్, స్విమ్స్ ఆసుపత్రి తిరుపతిలో, ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. మన నీళ్లు, మన పేగు పురుగుల మధ్య పుట్టిన ఎలుక పిల్లలకు టీకా వేసి చూడటానికి ఇంతకన్నా అనువైన చోటు అరుదు. అది జరగాలి. ఈలోగా పైపుల పని ఆగనక్కర్లేదు. రోటా చుక్కలు మొదలయ్యేది ఆరో వారంలో. కాబట్టి అతుకుల మరమ్మతు నిండు గర్భిణులున్న వీధుల నుంచి మొదలుకావాలి. ఆ జాబితా ఆశా కార్యకర్త రిజిస్టరులో ఇప్పటికే ఉంది.