ఫాలో త్రూ మీద పడి ఏడవడం ఆపండి

కొత్తగా టెన్నిస్ మొదలుపెట్టినవాళ్లు తమ ఫోర్‌హ్యాండ్ (రాకెట్ పట్టిన చెయ్యి వైపు నుంచి కొట్టే షాట్) వీడియో పెట్టడం ఆలస్యం, సలహాలు మొదలు. అన్నీ ఫాలో త్రూ మీదే, అంటే బాల్ తగిలాక రాకెట్ సాగే ఊపు మీద. "రాకెట్ భుజం మీదికి రావాలి." "మణికట్టు ఇంకా తిప్పు." నాదల్‌లా తల చుట్టూ తిప్పమనే మహానుభావులూ ఉంటారు. బాల్ స్ట్రింగ్స్ మీద ఉండేది సుమారు 5 మిల్లీసెకన్లు. అది వెళ్లిపోయాక రాకెట్‌ని మెడకి చుట్టుకున్నా దానికేం తెలుస్తుంది?

చూడాల్సింది బాల్ తగిలే చోటు. మామూలు వీడియోలో సెకనుకి 30 ఫ్రేములే, అంటే ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య 33 మిల్లీసెకన్లు. అసలు క్షణం దాంట్లో దొరకదు. స్లో మోషన్‌లో సెకనుకి 240 ఫ్రేములు పెట్టి, కుడిచేతి వాటమైతే కుడిపక్క నుంచి, నడుమెత్తులో ఫోన్ నిలబెట్టండి. ఇరవై బాల్స్ తియ్యండి. బాగా పడిన ఒక్కటీ ఏరుకుని మురిసిపోవద్దు.

బాల్ ఎడమ తుంటికి జానెడు ముందు తగలాలి. కొత్తవాళ్లకి కుడి తొడ పక్కన తగులుతుంది. మోచెయ్యి డొక్కకి అతుక్కుంటుంది, రాకెట్ ముఖం పైకి తెరుచుకుంటుంది, బాల్ కుడిపక్కకో కంచె అవతలికో పోతుంది. దాన్ని లోపలికి లాక్కురావడానికే మణికట్టు విదిలిస్తారు. అలాంటివాడికి "ఇంకా తిప్పు" అని చెప్తే మోచేతి నొప్పి ఖాయం.

బాల్ ఇలా వెనక తగలడం ఆలస్యం వల్ల. ఆ ఆలస్యం చేతిది కాదు, భుజాలది. బాల్ తమ వైపు నేల తాకాక గానీ రాకెట్ వెనక్కి కదలదు. అవతలివాడు కొట్టగానే, ఎడమచెయ్యి ఇంకా రాకెట్ మెడ మీదే ఉండగా, భుజాలు రెండూ కలిసి తిరగాలి. బాల్ నేల తాకేసరికి రాకెట్ వెనక సిద్ధంగా ఉండాలి. పట్టు కూడా ఒకసారి చూడండి: రాకెట్‌తో షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టుండే ఈస్టర్న్ చాలు. సర్వీస్‌కి పట్టే కాంటినెంటల్‌తో ఫోర్‌హ్యాండ్ కొడితే ముఖం ముందే తెరుచుకుని ఉంటుంది.

సరిచేయడానికి కోర్టు చివరి గీత బేస్‌లైన్ వదిలి సర్వీస్ లైన్ దగ్గరికి రండి, నెట్‌కి 21 అడుగులే. ఎడమచేత్తో బాల్‌ని ముందు పాదం ఎదుట వదిలి, సగం స్వింగ్‌తో యాభై కొట్టండి. తర్వాత ఎవరినైనా మెల్లగా వెయ్యమనండి. ఆరెంజ్ బాల్ పసుపుదానికన్నా దాదాపు సగం నెమ్మది, పెద్దవాళ్లు పిల్లల బాల్ అని నామోషీ పడతారు గానీ భుజాలు తిప్పుకోవడానికి వ్యవధి ఇచ్చేది అదే.

ఇక కోచింగ్ బుట్టల్లో బూరు ఊడిన బాల్స్. 100 అంగుళాల నుంచి వదిలితే మామూలు పసుపు బాల్ కనీసం 53 అంగుళాలు లేవాలని నియమం. ఆ బుట్టలోవి మోకాలు దాటవు, పిల్లాడు వంగి గరిటెతో తోడినట్టు కొడతాడు. దానికీ తిట్లు పిల్లాడికే.