సెకి చాకులు, వెయ్యి మడతల కథ

"జపాన్‌లోని సెకిలో సమురాయ్ కత్తులు చేసిన కుటుంబాలే ఇప్పటికీ ప్రతి వంటింటి చాకునూ చేత్తో చేస్తాయి. ఉక్కును వెయ్యిసార్లు మడతపెడతారు. ఎముకనూ కోస్తుంది, జన్మలో సాన పట్టక్కర్లేదు." ఫ్యామిలీ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మెసేజ్ ఇది. గిఫు ప్రాంతంలోని ఆ చిన్న నగరంలో ఏడెనిమిది వందల ఏళ్లుగా కత్తులు చేస్తున్న మాట నిజం. మిగతాదే తేడా.

ముందు ఆ వెయ్యి మడతలు. కమ్మరి ఉక్కును కాల్చి, సమ్మెటతో సాగగొట్టి మడుస్తాడు. మడిచిన ప్రతిసారీ పొరలు రెట్టింపవుతాయి: పది మడతలకు 1,024, పదిహేనుకు 32,768. సమురాయ్ కత్తికి పడేవి ఇంచుమించు అన్నే. వెయ్యి మడతలంటే పొరల లెక్క 300 అంకెలు దాటుతుంది! ఆలోపే ఉక్కు మిగలదు. కాల్చినప్పుడల్లా కొంత పొట్టుగా రాలిపోతుంది, కర్బనమూ తగ్గుతుంది. అసలు మడిచేది ముడి ఉక్కులో మలినాలు పోవడానికి, కర్బనం అంతటా సమంగా సర్దుకోవడానికి. ఇప్పటి మిల్లు ఉక్కుకు ఆ పని లేదు. మరి చాకు మీద అలల్లాంటి గీతలు? మధ్యలో ఉన్న గట్టి ఉక్కుకు రెండు పక్కలా అతికించిన పొరల రేకులవి. అందంగానే ఉంటాయి, కోసేది మాత్రం మధ్యలోదే.

సమురాయ్ కుటుంబాల సంగతి. 1876లో జపాన్‌ను అప్పుడు ఏలుతున్న మేజీ ప్రభుత్వం కత్తి కట్టుకుని తిరగడాన్ని నిషేధించింది. గిరాకీ పడిపోయి కమ్మరులు చాకులు, కత్తెరల వైపు మళ్లారు. ఇప్పుడక్కడ ఉన్నది పెద్ద పరిశ్రమ. కై కంపెనీ 1908లో, ఫెదర్ బ్లేడ్ల కంపెనీ 1932లో ఆ ఊళ్లోనే పుట్టాయి. చాలా చాకులకు రేకును అచ్చుకొట్టేది ఒకరు, కాల్చి గట్టిపరిచేది ఒకరు, అంచు తీసేది మరొకరు. అంచు తీయడంలో చేతి ఒడుపు కావాలి, దాన్ని తీసిపారేయలేం. అసలు సమురాయ్ కత్తి చేయాలంటే గురువు దగ్గర ఐదేళ్లు నేర్చుకుని లైసెన్స్ తెచ్చుకోవాలి, ఆపైన నెలకు రెండు పొడవు కత్తులే చేయాలి. వాళ్లే ప్రపంచమంతటికీ చాకులు పంపుతున్నారంటే ఎలా నమ్మేది?

ఎముక మీద మాత్రం ప్రయోగం చేయకండి. అంత గట్టి, పల్చటి అంచు పెచ్చులూడుతుంది.

సాన మాటకొస్తే, సెకిలోనే ఏటా నవంబర్ 8న వాడకం ముగిసిన కత్తులకు, కత్తెరలకు పూజ చేసి సాగనంపుతారు. జన్మలో పదును పోని చాకులైతే ఆ పూజ ఎవరికోసం?