ఒక్క నియమమే కదా, తీసేస్తే ఏం పోయింది?

మా తోడల్లుడు మొన్న గృహప్రవేశం చేశాడు. మూడంతస్తులకు ప్లాన్ తెచ్చుకుని నాలుగోది కూడా లేపేశాడు. "మున్సిపాలిటీ వాళ్లు వస్తే?" అని అడిగాను. "ఎప్పుడో ఒకప్పుడు స్కీమ్ వస్తుందిగా అన్నయ్యా, ఫైన్ కట్టేసి రెగ్యులరైజ్ చేయించుకుందాం" అన్నాడు. భోజనాలు ఆ నాలుగో అంతస్తులోనే. గుత్తివంకాయ రెండోసారి వేయించుకుని, పొట్ట నిమురుకుంటూ నా వైపు తిరిగాడు. నాకు గుండె జారింది. ఆ నిమరడం తర్వాత వచ్చేదేమిటో నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు.

"అన్నయ్యా, సపోజ్... ఆ హిగ్స్ ఫీల్డ్ ఉంది చూడు, వస్తువులకు బరువునిచ్చేది. దాన్ని ఒక్క నిమిషం ఆపేస్తే మనం సన్నబడతాం కదా?"

నేను ఇరవై ఎనిమిదేళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషిని. ఇలాంటి సపోజ్‌రావులు మీ చుట్టాల్లోనూ ఉంటారు, కాదనకండి. పెళ్లిలో మీ పక్క కుర్చీ వాళ్లదే. రైల్లో మీ ఎదుటి బెర్తూ వాళ్లదే. ఫోన్‌లో ఒక నిమిషం వీడియో చూస్తారు, అందులో సగం ప్రకటన, మిగిలిన సగంతో విశ్వానికి రిపేరు మొదలుపెడతారు. సపోజ్ కాంతి కంటే వేగంగా వెళ్తే? సపోజ్ ఎలక్ట్రాన్‌కి చార్జి లేకపోతే? వీళ్ల లెక్కలో ప్రకృతి నియమాలంటే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నియమాలు. లిఫ్టులో సామాన్లు ఎక్కించరాదు అని బోర్డు ఉంటుంది, ఎక్కిస్తాం, సెక్రటరీ అటు తిరిగి ఫోన్ చూసుకుంటాడు.

ఊహించడం తప్పని నేననను. ఒళ్లు మండేది ఎక్కడంటే, ఒక్క నియమం తీసేస్తారు, మిగతావన్నీ మాత్రం ఎక్కడివక్కడే ఉండాలంటారు. కింద స్తంభం తీసేయాలి, పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉండాలి, వీళ్లు దాని కింద కూర్చుని వంకాయ తింటూనే ఉండాలి.

సరే, అడిగాడు కాబట్టి చెప్పాను. "నీ బరువులో హిగ్స్ వాటా నూటికి ఒకటో వంతు. మిగతాదంతా ప్రోటాన్లు, న్యూట్రాన్ల లోపల క్వార్కులనే ఇంకా చిన్న కణాల కదలికలో, వాటిని కట్టి ఉంచే గ్లూఆన్లలో ఉన్న శక్తి. హిగ్స్‌ని ఆపేస్తే 92 కిలోలున్నవాడివి 91 అవుతావు. కాకపోతే ఎలక్ట్రాన్‌కి ద్రవ్యరాశి పోతుంది. ఎలక్ట్రాన్ ఎంత తేలికైతే పరమాణువు అంత పెద్దది. ద్రవ్యరాశి సున్నా అయితే పరమాణువుకి హద్దే ఉండదు, అంటే పరమాణువే ఉండదు. నీకు పొట్ట ఉండదు, ఈ ఇల్లు ఉండదు, ఆ నాలుగో అంతస్తు రెగ్యులరైజ్ చేసే మున్సిపాలిటీ కూడా ఉండదు."

శ్రద్ధగా విన్నాడు. వేళ్లు నాకాడు. "అయితే ఒక కిలో తగ్గుతాం అన్నమాట" అన్నాడు.

కనుక ప్రభుత్వానికి నాదొక విన్నపం. ప్రజల కోరిక ఇంత బలంగా ఉన్నప్పుడు కాదనడం ప్రజాస్వామ్యం అనిపించుకోదు. ప్రకృతి నియమాల ఉల్లంఘనల క్రమబద్ధీకరణ పథకం అని ఒక జీవో ఇచ్చేయండి. కాంతి వేగం దాటినవారు దాటిన ప్రతి కిలోమీటరుకు ఇంత అపరాధ రుసుము. శక్తి నిత్యత్వ సూత్రం తప్పినవారు మార్కెట్ విలువలో పద్నాలుగు శాతం. మార్చి 31లోగా చెల్లిస్తే రాయితీ. కాలంలో వెనక్కి వెళ్లి చెల్లించేవారికి అదనపు రాయితీ.

ఈ పథకం వచ్చేలోపు నాకు ఇష్టమైన ఉదాహరణ ఒకటి చెప్పుకోనివ్వండి. క్లాసులో ఏటా చెప్పేవాణ్ణి. రిటైరయ్యాక వినేవాళ్లు లేరు.

1925లో వోల్ఫ్‌గాంగ్ పౌలీ ఒక నియమం చెప్పాడు. ఒక పరమాణువులో ఏ రెండు ఎలక్ట్రాన్లూ అన్ని విధాలా ఒకే స్థితిలో ఉండకూడదు. పుస్తకంలో దీని పేరు పౌలీ వర్జన నియమం. మా ఊరి బస్టాండులో దీని పేరు కర్చీఫ్. పల్లెవెలుగు బస్సు ఇంకా మలుపు తిరుగుతుండగానే కిటికీలోంచి కర్చీఫ్ పడుతుంది. పడిందంటే సీటు అయిపోయినట్టే. ఎమ్మెల్యే బామ్మర్దికైనా అందులో చోటు లేదు.

పరమాణువు బస్సులో మొదటి వరసలో రెండే సీట్లు. అందులో ఇద్దరు కూర్చోవచ్చు గానీ ఇద్దరి స్పిన్లూ, అంటే బొంగరం తిరుగుడు లాంటి గుణం, ఎదురెదురుగా ఉండాలి. అంటే పుట్టింటికి బయల్దేరేటప్పుడు పోట్లాడుకున్న మొగుడూ పెళ్లాల్లా, ఒకరు ఇటు తిరిగి, ఒకరు అటు తిరిగి. మూడోవాడు రెండో వరసకు పోవాల్సిందే, అక్కడ ఎనిమిది సీట్లు. కార్బన్ బస్సులో మొత్తం ఆరుగురు. ఇద్దరు ముందు, నలుగురు వెనక. ఆ వెనక నలుగురే కిటికీలోంచి చేతులు చాపి పక్క బస్సువాళ్లతో చుట్టరికం కలుపుకుంటారు. ఆ చుట్టరికమే బియ్యం, నూనె, పట్టుచీర, మీరు, నేను.

ఇప్పుడు మా తోడల్లుడు బస్సెక్కి, సపోజ్ అంటూ కర్చీఫులన్నీ ఏరేశాడు. వెనకాల కండక్టరు ఎలాగూ ఉన్నాడు, "జరగండి జరగండి, ముందు బోలెడు ఖాళీ ఉంది!" అని. అందరూ ముందుకు జరిగారు. కార్బన్‌లో ఆరుగురూ మొదటి వరసలోనే. ఇనుము బస్సులో ఇరవై ఆరు మంది ఆ రెండు సీట్లలోనే. బంగారం బస్సులో డెబ్బై తొమ్మిది మంది, డ్రైవరు ఒళ్లో, స్టీరింగ్ మీద, గేరు రాడ్డు మీద. డ్రైవరంటే కేంద్రకం, ఆయన అందరినీ ఇంకా దగ్గరికి లాక్కుంటాడు. బస్సు ముడుచుకుపోయింది. కిటికీల దగ్గర ఎవరూ లేరు, చెయ్యి చాపేవాళ్లు లేరు. రసాయనశాస్త్రం సర్వీసు రద్దు. మా మరదలు గృహప్రవేశానికి వేసుకున్న రెండు పేటల గొలుసు, దాని కింద మెడ, ఆమె కూర్చున్న కుర్చీ, కుర్చీ కింద అనుమతి లేని శ్లాబు, అన్నీ కలిసి ఎంత చిన్నగా అయిపోతాయో చూడ్డానికి కన్ను కూడా ఉండదు. హైడ్రోజన్ ఒంటరివాడు, హీలియం జంట. వాళ్లది మొదటి నుంచీ ముందు వరసే కాబట్టి వాళ్లకు ఏమీ కాదు. విశ్వంలో మెజారిటీ వాళ్లదే. అసెంబ్లీలో ప్రశ్న కూడా రాదు.

మరి కండక్టరు ధైర్యం ఏమిటంటారా? ఆయన మనందర్నీ బోసాన్లు అనుకుంటున్నాడు. సత్యేంద్రనాథ్ బోస్ పేరు పెట్టుకున్న ఆ కణాలకు కర్చీఫ్ గొడవే లేదు, ఎంతమందైనా ఒకే స్థితిలో కూర్చుంటాయి. ఆర్టీసీ మొదటి నుంచీ ఆ సిద్ధాంతం మీదే నడుస్తోంది.

చిత్రం ఏమిటంటే, ఈ కర్చీఫ్ నియమం ఎప్పుడైనా, ఎక్కడైనా ఒక్కసారి తప్పుతుందా అని నిజంగా కాపలా కాసేవాళ్లున్నారు. ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద, 1,400 మీటర్ల రాయి కప్పుకుని, రాగి రేకులోంచి కరెంటు పంపుతారు. కరెంటుతో కొత్త ఎలక్ట్రాన్లు వస్తాయి. వాటిలో ఏదైనా నిండిపోయిన మొదటి వరసలోకి దూరితే, మామూలుగా 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర రావాల్సిన ఎక్స్ కిరణం కాస్త తగ్గి 7.7 దగ్గర వస్తుంది. దానికోసం చూస్తూ కూర్చుంటారు. ఇప్పటిదాకా ఒక్క దొంగ ప్రయాణికుడూ దొరకలేదు. ఆ ప్రయోగం పేరు వీఐపీ. మన దగ్గర వీఐపీ అంటే నియమం వర్తించనివాడు. అక్కడ వీఐపీ అంటే నియమం తప్పుతుందేమోనని నిద్ర మానుకుని చూసేవాడు.

ఇదంతా చెప్తే మా తోడల్లుడి దగ్గర బ్రహ్మాస్త్రం ఉంది. "అదే కొండ కింద ఐన్‌స్టీన్ తప్పని తేలింది కదన్నయ్యా!"

2011 సెప్టెంబర్. జెనీవా దగ్గర సెర్న్ ప్రయోగశాల నుంచి 730 కిలోమీటర్లు నేలలోంచి వచ్చిన న్యూట్రినోలు, అంటే దేనికీ అడ్డం తగలకుండా దూసుకుపోయే బుల్లి కణాలు, గ్రాన్ సాసోకి కాంతి కంటే 60 నానోసెకన్లు ముందు చేరాయని ఒపేరా బృందం చెప్పింది. 60 నానోసెకన్లంటే కాంతి 18 మీటర్లు నడిచేంత. అంతే, మన సపోజ్‌రావులకు పండగ. కాంతిని ఏదీ మించలేదన్న ఐన్‌స్టీన్ పని అయిపోయింది, ఇంక టైమ్ మెషీనే తరువాయి. మా కాలేజీ స్టాఫ్ రూంలో జువాలజీ ఆయన, ఇదంతా మన పురాణాల్లో ఎప్పుడో ఉందని అందరికీ టీ కూడా తాగించాడు.

కొన్ని నెలలకు తేలిందేమిటి? ఒక ఫైబర్ ఆప్టిక్ కేబుల్ సరిగ్గా బిగించలేదు. టీవీలో బొమ్మ రాకపోతే మా అమ్మ మొదట అనే మాట, "వెనకాల వైరు ఊడిందేమో చూడరా." ఆవిడ ఐదో క్లాసు.

కానీ ఇక్కడ నవ్వి ఊరుకోలేను. ఆ బృందం ఐన్‌స్టీన్ తప్పని ఎక్కడా అనలేదు. తప్పు ఎక్కడుందో మాకు దొరకడం లేదు, మీరూ వెతకండి అని ప్రపంచం ముందు పెట్టారు. వైరు సంగతి వాళ్లే పట్టుకున్నారు. ఆ తర్వాత బృందానికి ముందుండి నడిపిన ఇద్దరు పదవులు వదులుకున్నారు. వదులైన వైరుకి రాజీనామా! మన దగ్గర వంతెన కూలితే ఎంతమంది చేశారో లెక్కపెట్టుకోండి, ఒక చెయ్యి చాలు, వేళ్లు మిగులుతాయి.

"పెద్దపెద్దవాళ్లే సపోజ్ అన్నారు కదా" అంటాడు. అన్నారు. కేంద్రకం ఎలక్ట్రాన్‌ని బయటికి విసిరే బీటా క్షయంలో శక్తి లెక్క తేలకపోతే, శక్తి నిత్యత్వాన్నే వదిలేద్దామా అని నీల్స్ బోర్ అంతటివాడు ఆలోచించాడు. 1930లో మళ్లీ ఆ పౌలీయే, కంటికి కనపడని కణం ఒకటి ఆ శక్తిని పట్టుకుపోతోందేమో అని భయపడుతూ ఒక ఉత్తరం రాశాడు. ఆ కణమే న్యూట్రినో, దాన్ని పట్టుకునేసరికి 1956 అయింది. సపోజ్ అన్నాక ఇరవై ఆరేళ్ల చాకిరీ. మా తోడల్లుడు సపోజ్ అన్నాక కిళ్లీ.

అంత దూరం ఎందుకు, చిత్తూరు జిల్లా సరిహద్దు దాటితే కోలార్ బంగారు గనులు. మన జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువాళ్లు, తమిళులు తరతరాలుగా తవ్విన గనులు. అక్కడే నేల కింద 2 కిలోమీటర్లకు పైగా లోతున, 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోని పట్టుకున్నారు మన టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు, జపాన్, ఇంగ్లండు వాళ్లతో కలిసి. 1980ల్లో అదే గనిలో 140 టన్నుల ఇనుము పేర్చి, ప్రోటాన్ చచ్చిపోతుందేమో, అంటే విరిగి వేరే కణాలుగా మారిపోతుందేమో చూస్తూ కూర్చున్నారు. ప్రోటాన్‌కి చావు లేదన్నది అప్పటి నియమం, తప్పుతుందేమో చూడాలి. ఉక్కపోతలో, బోనులాంటి లిఫ్టులో దిగి, రోజూ. ఏవో కొన్ని ఘటనలు కనిపించాయన్నారు, మిగతా దేశాల పెద్ద ప్రయోగాల్లో అలాంటివి దొరకలేదు. జపాన్‌లో 50,000 టన్నుల నీళ్లు పెట్టుకుని 1996 నుంచి చూస్తున్నారు, ఒక్క ప్రోటానూ చావలేదు. కోలార్ గనులు 2001లో మూసేశారు.

ప్రోటాన్ చావాలని ఎందుకంత ఆశ? దానికి జవాబు నాకు ఆ నాలుగో అంతస్తులోనే, పెరుగన్నం దగ్గర ఎదురైంది.

మా తోడల్లుడి కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. హాస్టల్ వాళ్లు గృహప్రవేశానికని ఒకటిన్నర రోజు వదిలారు. నా పక్కన కూర్చుని గొంతు తగ్గించి అడిగింది. "పెదనాన్నా, ప్రోటాన్ మూడు క్వార్కుల ముద్ద. ఎలక్ట్రాన్‌కి లోపల ఏమీ లేదు. ఒకదానికొకటి ఏమీ కావు కదా. మరి రెండింటి చార్జి అంత కచ్చితంగా సమానం ఎందుకుంది?"

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఒకటి పక్కన 21 సున్నాలు పెడితే, అందులో ఒక వంతు తేడా కూడా ఇప్పటిదాకా దొరకలేదు. తేడా ఉంటే ఏమవుతుందో భౌతికశాస్త్రవేత్త ఫైన్‌మన్ తన పాఠాల్లో చెప్పాడు. చేయి చాచినంత దూరంలో నిలబడ్డ ఇద్దరు మనుషుల్లో ఎలక్ట్రాన్లు నూటికి ఒకటి ఎక్కువైతే చాలు, వాళ్లు ఒకరినొకరు తోసుకునే బలం భూమి అంత బరువును లేపుతుంది. ఎందుకు సమానం? క్వార్కులకూ ఎలక్ట్రాన్‌కూ చుట్టరికం ఉందేమో అని ఊహించిన సిద్ధాంతాలే, అయితే ప్రోటాన్ ఎప్పుడో ఒకప్పుడు చావాలి అన్నాయి. కోలార్‌లో అంతమంది గనిలోకి దిగింది ఆ చుట్టరికం కోసమే. ఈ పిల్ల అడిగింది అదే ప్రశ్న. ఎవరూ చెప్పకుండా, తనంతట తాను.

"మీ లెక్చరర్‌ని అడిగావామ్మా?"

"అడిగాను. ఎంట్రన్స్‌లో రాదన్నారు."

ఎదురుగా వాళ్ల నాన్న, సపోజ్‌లకు పేటెంట్ తీసుకున్న పెద్దమనిషి, ఆవులిస్తూ అన్నాడు: "అవన్నీ సీటొచ్చాక చూసుకోవచ్చు. పొద్దున ఇచ్చిన బిట్లు అయ్యాయా?"

సన్నాసుల్లారా! నియమాలు తెగ్గొట్టాలని అంత సరదాగా ఉందా? రోజూ తెగ్గొడుతూనే ఉన్నారుగా! ఒకసారి ప్రాక్టికల్స్‌కి ఎక్స్‌టర్నల్‌గా ఒక కాలేజీకి వెళ్లాను. పేరు చెప్పను, మీరు ఏది అనుకున్నా తప్పు కాదు. లోలకం ప్రయోగం. స్టాప్‌వాచ్ వెనక్కి తిప్పి చూశాను, అందులో బ్యాటరీయే లేదు. కానీ ముప్పై రికార్డుల్లోనూ ఇరవై డోలనాలకు 40.1 సెకన్లు! ముప్పై మందికీ! జవాబుగా గురుత్వ త్వరణం 981 అని ముందే రాసి, వెనక నుంచి రీడింగులు పుట్టించారు. రెండేళ్లు లక్షలు కట్టించుకుని ఆ పిల్లలతో ఒక్కసారి దారానికి గుండు కట్టించలేదు. ఎలక్ట్రాన్ సంగతి దేవుడెరుగు, పిల్లల చేత అబద్ధం కొలిపించారు. ఇక్కడ నేను పెద్ద సత్యహరిశ్చంద్రుణ్ణేం కాదు. ముప్పైకి ముప్పై వేసి సంతకం పెట్టింది నేనే. ఇప్పటికీ ఆ 40.1 కళ్ల ముందు కనిపిస్తుంది.

ఆ పిల్లకి నాకు తెలిసింది చెప్పాను. తర్వాత, దీనికి జవాబు ఎవరికీ పూర్తిగా తెలియదమ్మా అని కూడా చెప్పాను. "తెలియదా?" అని ముందుకు జరిగి కూర్చుంది. ఇంతలో హాస్టల్ నుంచి ఫోన్, సాయంత్రం స్టడీ అవర్‌కి రాకపోతే పేరెంట్‌ని పిలుస్తామని. సగం తిన్న ఆకు ముందు నుంచి లేచి వెళ్లిపోయింది.

మా తోడల్లుడు కిళ్లీ బుగ్గన పెట్టుకుని, ఖాళీ అయిన ఆ కుర్చీలోకి జరిగాడు.

"అన్నయ్యా, సపోజ్... టైమ్ వెనక్కి వెళ్తే?"

"వెళ్తే పది నిమిషాలు వెనక్కి వెళ్లి నోరు మూసుకుని కూర్చో" అన్నాను.